గేములాడాలంటే కొత్త కంప్యూటరే కొనాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, పాత కంప్యూటర్లున్నవాళ్ళు ఇప్పుడేం చేయాలి అంటూ మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో చాలావరకు సరిగ్గానే రాశారు. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది, విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది, ఇదంతా నిజమే. నాకు అభ్యంతరం చివరి పేరాలో ఉన్న రెండు మాటల మీద. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు గానీ అందులో గేములు నడవవు అన్నది ఒకటి. గేములు కావాలంటే లినక్స్‌లో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్) పెట్టి దాంట్లో విండోస్ వేసుకోండి అన్న సలహా రెండోది. మొదటి మాట పదేళ్ళ కిందట చెప్పి ఉంటే నేనూ తలూపేవాణ్ణి. రెండోది గేముల విషయంలో అప్పుడూ మంచి సలహా కాదు, ఇప్పుడూ కాదు.

దీనికి ఉత్తరం రాయాలా అనుకోవచ్చు. నరసరావుపేటలో మాకు కంప్యూటర్ సర్వీసింగ్ షాపు ఉంది. మీ పేపర్ కటింగ్ మడిచి జేబులో పెట్టుకుని మా షాపుకి వచ్చిన తండ్రిని చూశాక రాయకుండా ఉండలేకపోయాను. వాళ్ళబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు, ల్యాప్‌టాప్ ఆరో జనరేషన్ ఐ3, విండోస్ 11 ఎక్కదు. లినక్స్ వేయిద్దామంటే గేములు రావట కదా అని అబ్బాయి ఒప్పుకోవడం లేదు, కొత్తది కొనాలంటే ఎంత తక్కువనుకున్నా నలభై వేలు. ఆయన కౌలు రైతు. గేముల కోసం నలభై వేలేంటండీ అని ఆయన అడుగుతున్నారు, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అబ్బాయి బాధలోనూ న్యాయముంది, హాస్టల్ నుంచి ఇంటికొచ్చినప్పుడు వాడికున్న కాలక్షేపం అదొక్కటే. ఇలాంటి ఇళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉంటాయో ఆలోచించండి. పేపర్లో అచ్చయిన మాటని మావాళ్ళు ఇప్పటికీ నమ్ముతారు, అందుకే ఆ మాట సరిగ్గా ఉండాలి.

అసలు విషయానికొస్తాను. విండోస్ గేము అంటే ఒక ఈఎక్స్ఈ ఫైలు, దాని చుట్టూ కొన్ని డీఎల్ఎల్ ఫైళ్ళు, బోలెడన్ని బొమ్మలు, సౌండ్లు. ఆ ఈఎక్స్ఈలో ఉన్నవి ప్రాసెసర్‌కి నేరుగా అర్థమయ్యే సూచనలు. అదే ఇంటెల్ చిప్ మీద విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా చిప్ మారదు కదా, కాబట్టి ఆ సూచనలు అలాగే నడుస్తాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే, గేము నిమిషానికి వేలసార్లు విండోస్‌ని ఏదో ఒకటి అడుగుతుంటుంది, ఈ ఫైలు తెరువు, ఈ సౌండ్ ప్లే చెయ్, డైరెక్ట్ఎక్స్‌తో (బొమ్మలు గీసిపెట్టే విండోస్ భాగం) ఈ గోడ గీసిపెట్టు అని, వాటికి బదులిచ్చేవాళ్ళు లినక్స్‌లో ఉండరు. ఆ లోటు తీర్చడానికే 1993లో వైన్ అనే ప్రాజెక్టు మొదలైంది, 1994 నుంచి అలెగ్జాండ్ర్ జూలియార్ అనే ఆయన దాన్ని నడిపిస్తున్నారు. విండోస్ ఇచ్చే ఒక్కో జవాబునీ, మైక్రోసాఫ్ట్ కోడ్ చూడకుండా, బయటినుంచి పరీక్షించి కనిపెట్టి మళ్ళీ రాసుకుంటూ వచ్చారు. 1.0 వెర్షన్ బయటికొచ్చేసరికి 2008 అయింది, అంటే పదిహేనేళ్ళు. ఇలాంటి ఓపిక గురించి మన పేపర్లలో ఎప్పుడైనా ఒక పూర్తి పేజీ వస్తే చదవాలని నాకుంది.

అంత చేసినా 2017 వరకూ గేముల పరిస్థితి అంతంతమాత్రమే. డైరెక్ట్ఎక్స్ అడిగినదాన్ని లినక్స్‌లో బొమ్మలు గీసే ఓపెన్‌జీఎల్‌లోకి మార్చేసరికి సగం గేములు నత్తనడక నడిచేవి, మిగతా సగం నల్ల స్క్రీన్ చూపించి ఊరుకునేవి. అప్పుడు ఫిలిప్ రేబాక్ అనే జర్మన్ కుర్రాడు తనకిష్టమైన నీర్ ఆటోమాటా అనే గేము లినక్స్‌లో ఆడాలన్న పట్టుదలతో డైరెక్ట్ఎక్స్ 11ని వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ పద్ధతిలోకి మార్చే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు డీఎక్స్‌వీకే. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ అతని పని చూసి చేయూతనిచ్చింది, వైన్‌నీ డీఎక్స్‌వీకేనీ మరికొన్నింటినీ కలిపి 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో విడుదల చేసింది. మొదట్లో వాళ్ళు పరీక్షించి సరే అన్నవి 27 గేములు. ఇప్పుడు అది వేలల్లో ఉంది. 2022లో వాల్వ్ తెచ్చిన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ మొత్తం లినక్స్ మీదే నడుస్తుంది, దాంట్లో జనం ఆడేవి ఎక్కువగా విండోస్ గేములే. మన దేశంలో కంపెనీ దాన్ని నేరుగా అమ్మదు కాబట్టి మనవాళ్ళలో చాలామంది చూసి ఉండరు, బహుశా మీ వ్యాసకర్తకి ఈ సంగతి తట్టకపోవడానికి కారణం కూడా అదే కావచ్చు. స్టీమ్ ప్రతి నెలా చేసే సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబర్‌లో 3 శాతం దాటింది. చిన్న సంఖ్యే, కానీ ఒకప్పుడు 1 శాతం దగ్గరే ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోయింది.

ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ ఏమైందో చెప్తాను. హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టాం, ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేశాం, లినక్స్‌లోనే ఒక రకమైన లినక్స్ మింట్ ఎక్కించాం. ఆరో జనరేషన్ ఇంటెల్‌ని విండోస్ 11 గుమ్మం బయటే ఆపేస్తుంది గానీ, దాని లోపలున్న గ్రాఫిక్స్‌కి లినక్స్ డ్రైవర్లు వల్కన్ 1.3కి సపోర్ట్ ఇస్తున్నాయి, కొత్త డీఎక్స్‌వీకేకి కావలసింది కూడా అదే. స్టీమ్ పెట్టి, గేము పేరు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీలోకి వెళ్ళి ప్రోటాన్ ఎంచుకుని ప్లే నొక్కాడు. మొదటిసారి షేడర్లు (గ్రాఫిక్స్ చిప్ నడిపే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకుంటున్నానంటూ ఒక గీత మెల్లగా నిండుతుంది, చాలామంది అక్కడే హ్యాంగ్ అయిందనుకుని ఆపేస్తారు. ఆపకూడదు, రెండోసారి నుంచి అంత సేపు పట్టదు. వాడికి ఆసక్తి ఉందని ఫైల్ మేనేజర్ తెరిచి కంపాట్‌డేటా ఫోల్డర్ చూపించాను. దాంట్లో ఒక్కో గేముకి ఒక్కో నంబరుతో ఫోల్డర్ ఉంటుంది, తెరిస్తే డ్రైవ్ సీ, దాంట్లో విండోస్, దాంట్లో సిస్టమ్32, అన్నీ ఉన్న చోటే ఉన్నట్టు కనబడతాయి. అసలైన విండోస్ లేకుండానే ఆ గేము తాను విండోస్‌లో ఉన్నాననుకునే నడుస్తోంది. ఆ స్క్రీన్ ముందు వాడి మొహం వెలిగిపోయింది. గేము ఆడటానికొచ్చిన కుర్రాడు అది ఎలా నడుస్తుందో అడగడం మొదలుపెట్టాడు, ఆ రోజు షాపు కట్టేసరికి ఆలస్యమైంది.

ఆ పాత ల్యాప్‌టాప్‌లో కొత్త పెద్ద గేములు రావు, అది విండోస్‌లో ఉన్నా రావు. పాత గేములు, చిన్న గేములు, ఐదారేళ్ళ కిందటివి కొన్ని సెట్టింగ్స్ తగ్గించుకుని ఆడుకోవచ్చు. మనవాళ్ళందరూ నెట్ సెంటర్లలో ఆడి పెరిగిన వైస్ సిటీ లాంటివి డైరెక్ట్ఎక్స్ 8 కాలం నాటివి, వాటికి కూడా 2024లో డీఎక్స్‌వీకేలో సపోర్ట్ కలిపారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బాగా పాత సీడీ గేముల్లో కొన్నిటి సెటప్ ఫైలు 16 బిట్‌ది, 64 బిట్ విండోస్ దాన్ని అసలు తెరవదు. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉన్న సీడీలకి విండోస్ 10లోనే దారి మూసేశారు. 16 బిట్ సెటప్‌లు మాత్రం వైన్‌లో తెరుచుకుంటాయి. మన చిన్ననాటి గేముల్లో కొన్ని ఇవాళ మైక్రోసాఫ్ట్ దగ్గర కంటే వైన్ దగ్గరే భద్రంగా ఉన్నాయి.

ఇక వర్చువల్ మెషీన్ సంగతి. ఆఫీసు పనికీ, ట్యాలీ లాంటి ప్రోగ్రాములకీ, పరీక్షించి చూసుకోవడానికీ అది చాలా మంచిది, నేనూ వాడతాను. గేములకి మాత్రం, ఉన్న ఇంట్లోనే ఇంకో ఇల్లు కట్టి కరెంటు మీటరు మాత్రం ఇవ్వకపోవడం లాంటిది. 8 జీబీ ర్యామ్‌లో 4 జీబీ లోపలి విండోస్‌కి పోతుంది, బయటి లినక్స్‌కి మిగిలింది 4, రెండూ ఇబ్బంది పడతాయి. అసలైన గ్రాఫిక్స్ కార్డు లోపలి విండోస్‌కి కనబడదు, వర్చువల్‌బాక్స్ ఇచ్చే ఉత్తుత్తి కార్డు మీద త్రీడీ గేము పెడితే స్లైడ్ షో చూసినట్టుంటుంది. కార్డుని పూర్తిగా లోపలికి అప్పగించే పద్ధతి ఒకటుంది, దాన్ని పాస్‌త్రూ అంటారు. దానికి ప్రాసెసర్‌లో, మదర్‌బోర్డులో ఐఓఎంఎంయూ అనే సదుపాయం ఉండాలి, మామూలుగా అయితే రెండు గ్రాఫిక్స్ కార్డులు కావాలి, బయాస్‌లో సెట్టింగులు, లినక్స్‌లో కమాండ్లు, అవన్నీ కుదిరితే వేగం దాదాపుగా అసలు విండోస్‌కి దగ్గరగా వస్తుంది. ఓపిక, డబ్బు ఉన్నవాళ్ళు చేసుకుంటారు, వాళ్ళకి నా నమస్కారం. కానీ పాత కంప్యూటర్‌ని ఎలా కాపాడుకోవాలని అడిగినవాళ్ళకి ఆ సలహా ఇవ్వకూడదు. పైగా లోపల వేసే విండోస్‌కీ లైసెన్సు కావాలి, దాన్ని కొననివాళ్ళు లైసెన్సు లేకుండా నడిపించే ఏ యాక్టివేటర్ కోసమో యాంటీవైరస్ ఆపేసి డౌన్‌లోడ్ చేస్తారు. మా దగ్గరికి వైరస్‌తో వచ్చే సిస్టమ్‌లలో అలా మొదలైనవి చాలా ఉంటాయి.

లినక్స్‌లో ఏ గేములు రావో కూడా చెప్పాలి, లేకపోతే నేనూ మీ వ్యాసకర్తలాగే సగం మాట చెప్పినవాణ్ణవుతాను. వాలొరాంట్ రాదు. ఫోర్ట్‌నైట్ రాదు. ఈ రెండే కాదు, అందరూ కలిసి ఆన్‌లైన్లో పోటీపడి ఆడే పెద్ద గేముల్లో చాలావాటికి ఇదే పరిస్థితి. కారణం గ్రాఫిక్స్ కాదు, యాంటీ చీట్, అంటే మోసం చేసి ఆడేవాళ్ళని పట్టుకునే ప్రోగ్రామ్. వాలొరాంట్ వాడే వాన్‌గార్డ్ అనేది విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి డ్రైవర్‌గా దిగి కూర్చుంటుంది. వైన్ మామూలు ప్రోగ్రామ్‌లా నడిచేది, విండోస్ కెర్నల్ అనేదే అక్కడ లేనప్పుడు ఆ డ్రైవర్ ఎక్కడ దిగుతుంది? లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఏళ్ళ తరబడి వైన్‌లో హాయిగా నడిచింది, 2024లో దానికి కూడా వాన్‌గార్డ్ పెట్టడంతో ఆగిపోయింది.

నాకు కోపం తెప్పించేది మాత్రం రెండో రకం. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ అని రెండున్నాయి, ప్రపంచంలో చాలా గేములు వాడేవి అవే. రెండూ 2021లోనే ప్రోటాన్‌కి సపోర్ట్ ఇస్తామని ప్రకటించాయి, గేము చేసిన కంపెనీ ఒప్పుకుంటే చాలు. కొన్ని కంపెనీలు ఒప్పుకున్నాయి, వాటి గేములు లినక్స్‌లో ఆన్‌లైన్ కూడా బాగా నడుస్తున్నాయి. కొన్ని ఒప్పుకోలేదు. జీటీఏ ఆన్‌లైన్‌కి 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ పెట్టారు, ఆ సపోర్ట్ తెరవలేదు, అంతకు ముందురోజు దాకా ఆడుతున్నవాళ్ళు బయటపడ్డారు. అపెక్స్ లెజెండ్స్ అంతకన్నా అన్యాయం, సపోర్ట్ ఇచ్చి, రెండేళ్ళకి పైగా ఆడనిచ్చి, చీటర్లు లినక్స్‌లో దాక్కుంటున్నారని చెప్పి 2024 అక్టోబర్ చివర్లో అందరికీ తలుపు వేసేసింది. చీటింగ్ నిజమైన సమస్యే, నేను కాదనను, మోసం చేసేవాడితో ఆడటం ఎవరికీ ఇష్టముండదు. కానీ విండోస్‌లో కూడా చీటర్లున్నారు, అక్కడ తలుపు వేయలేదు కదా. డబ్బు పెట్టి కొన్నవాడికి ముందుగా తెలియకుండా ఇలా చేయడం తప్పు, ఆ మాట పేపర్లు రాయాలి.

వర్చువల్ మెషీన్ సలహా ప్రమాదకరమయ్యేది కూడా ఇక్కడే. లినక్స్‌లో రావు కదా అని ఈ గేముల్ని వర్చువల్ మెషీన్‌లో పెడదామనుకుంటారు పిల్లలు. వాన్‌గార్డ్ లాంటివి ఆ సంగతి పసిగట్టి గేము తెరవనివ్వవు. పసిగట్టకుండా దాచే పద్ధతులని ఇంటర్నెట్‌లో కనబడినవి చేస్తే అకౌంట్ బ్యాన్ అయ్యే అవకాశముంది, గేములో స్కిన్ల (ఆయుధాల, పాత్రల అలంకారాలు) కోసం పెట్టిన డబ్బు కూడా దాంతోనే పోతుంది. వాలొరాంటే జీవితం అనుకునేవాళ్ళు విండోస్‌లోనే ఉండండి అని నేను మొహమాటం లేకుండా చెప్తాను. గేమింగ్ కేఫ్‌లు నడిపేవాళ్ళకీ అదే చెప్తాను, వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది దాన్నే కాబట్టి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 ఆడేవాళ్ళకి ఈ బాధ లేదు, వాటికి లినక్స్ వెర్షన్లే ఉన్నాయి, ప్రోటాన్ కూడా అక్కర్లేదు.

ఎమ్యులేషన్ గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే మీ వ్యాసంలో అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. చిప్ కూడా వేరైనప్పుడు అది అవసరమవుతుంది. 2020 తర్వాత వచ్చిన మ్యాక్‌బుక్‌లలో, మన ఫోన్లలో ఉండేవి ఆర్మ్ చిప్‌లు, వాటికి ఇంటెల్ సూచనలు అర్థం కావు, ఒక్కొక్కటీ మార్చి ఇవ్వాలి. మ్యాక్‌లో ఆ పని ఆపిల్ వాళ్ళ రోజెట్టా అనే ప్రోగ్రామ్ చేస్తుంది, దాని మీద క్రాస్‌ఓవర్ అనే డబ్బులిచ్చి కొనుక్కునే ప్రోగ్రామ్ ఉంది, అదీ వైన్ నుంచి పుట్టిందే. ఆపిల్ 2023లో ఇచ్చిన గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్ కూడా క్రాస్‌ఓవర్ కోడ్ మీద కట్టినదే. చాలా గేములు నడుస్తాయి. అయితే మ్యాక్ ఓఎస్ 27 తర్వాత రోజెట్టాని పాత గేములకి కావలసినంత మేరకే ఉంచుతామని ఆపిల్ ప్రకటించింది, గేముల కోసమని మ్యాక్ కొనాలనుకునేవాళ్ళు అది తెలుసుకుని కొనాలి. ఫోన్‌లో అయితే విన్‌లేటర్ లాంటి యాప్‌లు బాక్స్64 అనే ప్రోగ్రామ్‌తో ఆ మార్పిడి చేస్తాయి, స్నాప్‌డ్రాగన్ ఫోన్లలో కాస్త నయం, మిగతావాటిలో ఇబ్బంది ఎక్కువ. ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. వీడియోల కింద ఎవరో పెట్టిన లింకుల నుంచి ఏపీకే ఫైళ్ళు దించుకోవద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి.

లినక్స్‌కి మారేవాళ్ళకి నేను షాపులో చెప్పే జాగ్రత్తలు కొన్ని ఇక్కడా చెప్తాను, ఉపయోగపడతాయి. పాత డి డ్రైవ్‌లో గేములున్నాయి కదా, అక్కడి నుంచే ఆడదామనుకుంటారు. అది విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ అయి ఉంటుంది, ప్రోటాన్‌కి దానితో సరిగ్గా పడదు, చాలాసార్లు గేము తెరుచుకోకుండానే మూసుకుపోతుంది. గేములకి ఒక పార్టిషన్ లినక్స్ ఫార్మాట్‌లో పెట్టుకోండి. స్టీమ్ బయట కొన్న గేములకి హీరోయిక్, లూట్రిస్ అనే ప్రోగ్రాములు ఉన్నాయి, రెండూ ఉచితం. డైరెక్ట్ఎక్స్ 12 గేములు ఎన్‌విడియా కార్డుల మీద విండోస్ కంటే కొంత నెమ్మదిగా నడవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది, క్రాక్ గేములు లినక్స్‌లో పెడితే వైరస్ రాదనుకోవడం పొరపాటు. వైన్ మామూలుగా జెడ్ డ్రైవ్ పేరుతో మీ మొత్తం ఫైళ్ళని లోపలి ప్రోగ్రామ్‌కి చూపిస్తుంది. లాక్ చేసి డబ్బులడిగే వైరస్ ఆ ఈఎక్స్ఈలో ఉంటే మీ ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు దానికి అందుబాటులోనే ఉంటాయి.

సంపాదకులకి నా మనవి ఇది. ఆ వ్యాసంలోని రెండు మాటలకి సవరణ వేయండి. దానితో పాటు, ఏ గేము నడుస్తుందో ఏది నడవదో ముందే చూసుకునే చోటు చెప్పండి. ప్రోటాన్‌డీబీ అనే సైట్లో గేము పేరు కొడితే ఆడినవాళ్ళు రాసిన అనుభవం, వాళ్ళ కంప్యూటర్ వివరాలు, ప్లాటినం, గోల్డ్ అంటూ మార్కులు ఉంటాయి. యాంటీ చీట్ సంగతికి ఆర్ వుయ్ యాంటీ చీట్ యెట్ అనే సైట్ ఉంది. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి కాబట్టి మన పిల్లలు ఎక్కువగా ఆడే ఓ ఇరవై గేములు తీసుకుని తెలుగులో ఒక పట్టిక వేస్తే ఎంతో ఉపకారం. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఏళ్ళుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడానికి కష్టపడుతున్నారు, లినక్స్ ఎక్కించడం గురించి రాసేటప్పుడు వాళ్ళని అడిగితే మీ వ్యాసకర్తకి సరైన సమాచారం దొరుకుతుంది. వేసవి సెలవులకి ముందే ఆ పట్టిక వస్తే మేలు, పిల్లలు ఇంటికొచ్చి కొత్త ల్యాప్‌టాప్ అడిగేది అప్పుడే.

ఇట్లు,
మీ పాఠకుడు,
నరసరావుపేట